ఆదిభట్ల నారాయణదాసు పంచముఖి: రసానుభవం, మస్తిష్కశాస్త్రం

కళింగాంధ్ర సంగీత సాహిత్య చరిత్రలో ఆదిభట్ల నారాయణదాసు గారి స్థానం అద్వితీయం. వీరు 1864 ఆగస్టు 31న బొబ్బిలికి చేరువనున్న అజ్జాడ గ్రామంలో వేంకటచయనులు, లక్ష్మీనరసమాంబ దంపతులకు జన్మించారు. 1883లో ధ్రువచరిత్రంతో హరికథాగానానికి ఉపక్రమించి, కవిత్వం, గానం, నృత్యం, అభినయం ఒక్కరియందే సమావేశమయ్యే కళగా దానిని తీర్చిదిద్దారు. ఆనందగజపతి ఆస్థానాన్ని అలంకరించారు. 1919లో విజయనగరంలో నెలకొన్న సంగీత కళాశాలకు తొలి ప్రధానాచార్యులై 1936 వరకు సేవ చేశారు. 1945 జనవరి 2న పరమపదించారు.

చేతులు రెండు, పాదాలు రెండు, శిరస్సు ఒకటి, ఇలా అయిదు అంగాలతో అయిదు తాళాలను ఏకకాలంలో నడిపినందున వీరికి పంచముఖీ పరమేశ్వరులన్న ప్రసిద్ధి కలిగింది. రెండు చేతులతో రెండు లయలు వేయడమే సామాన్యులకు దుష్కరం. ఒక చేతి గతి రెండవదానిని తనవైపు లాగుతుంది. లయజ్ఞానంలో చిన్నమెదడుకు, చలన కేంద్రాలకు ఉన్న పాత్రను, దీర్ఘాభ్యాసం మెదడును మార్చే తీరును నేటి మస్తిష్కశాస్త్రం చాలవరకు వివరిస్తున్నది. అయితే ఆ వివరణ గాయకుని నైపుణ్యానికి సంబంధించినది. శ్రోత పొందే రసం మాటేమిటి?

ఈ ప్రశ్నకూ శాస్త్రజ్ఞులు సమాధానం వెదికారు. 1999లో వి.ఎస్. రామచంద్రన్, విలియం హర్‌స్టైన్ రస శబ్దాన్నే గ్రహించి, వస్తుసారాన్ని అతిశయింపజేసి మెదడును ఉత్తేజపరచడమే కళాధర్మమని ప్రతిపాదించారు. కెనడాలోని మాంట్రియల్ పరిశోధకులు సంగీతం వల్ల రోమాంచం కలిగినపుడు మెదడులోని ఆనంద కేంద్రాలు స్పందిస్తాయని 2001లోను, అపుడు డోపమైన్ విడుదలవుతుందని 2011లోను నిరూపించారు. ఇది మనకు అపరిచితం కాదు. భరతముని రోమాంచాన్ని ఎనిమిది సాత్త్విక భావాలలో చేర్చాడు. ప్రాచీనులు రసాన్ని దేహం నుండి వేరు చేయలేదు.

కాని 2001 నాటి ప్రయోగంలో గమనార్హమైన విశేషం ఒకటి ఉన్నది. ప్రతి వ్యక్తికీ అతడు తానై ఎంచుకొన్న సంగీతాన్నే వినిపించారు. ఒకరిని పులకింపజేసిన గానాన్ని మరొకరి విషయంలో కేవలం పోలికకు వాడుకొన్నారు. అనగా ఆనందం మెదడులో ఎక్కడ కలిగినదో ప్రయోగం చూపింది. ఆ గానం ఆ వ్యక్తికే ఎందుకు రుచించినదో మాత్రం ముందే సిద్ధమై ఉన్న విషయం. అభినవగుప్తుడు దానినే వాసన అన్నాడు. నారాయణదాసు గారు నవరసతరంగిణిలో కాళిదాసు, షేక్స్పియర్ రచనల నుండి నవరసాలకు ఉదాహరణలేరి తెనిగించారు. రసాలు దేశభేదం లేక మానవులందరివని ఆ గ్రంథం చూపుతున్నది. ఆ సామాన్య ప్రకృతి మస్తిష్కశాస్త్రానికి అందవచ్చు. కథ తెలిసి, భాష తెలిసి, భక్తి పరిపాకమైన శ్రోత హృదయం మాత్రం ఒక జీవితకాలపు సంస్కారఫలం.

ఈ సీమలోనే శ్రీకూర్మంలో కూర్మనాథుడు పశ్చిమాభిముఖుడై వెలసి ఉన్నాడు. కూర్మం అంగాలను లోనికి ముడుచుకొన్నట్లు ఇంద్రియాలను ఉపసంహరించేవాడు స్థితప్రజ్ఞుడని గీత బోధిస్తున్నది. దాసుగారు ఆ అయిదంగాలనే అయిదు తాళాలలోకి చాచారు. అవయవాల గతిని కొలవవచ్చు. వాటిని ఒక్కటిగా నిలిపిన ఏకాగ్రతను, దానికి కరిగిన సభను కొలత మాత్రమే తెలుపజాలదు. మస్తిష్కశాస్త్రం రసశాస్త్రానికి సహాయకారియే గాని ప్రత్యామ్నాయం కాదని ఈ మహనీయుని జీవితం మనకు తెలుపుతున్నది.