కర్నల్ మెకంజీ: ఊరూర చరిత్ర వెదకిన యాత్రికుడు

ఛాయాచిత్రములు తీయు విద్య లోకమునకు వెల్లడియైనది 1839వ సంవత్సరమున. అంతకు పూర్వము దేశాటనము చేయువాడు తాను చూచిన కోటను, గోపురమును, శిల్పమును, పుష్పమును పదిమందికి చూపవలెనన్న, తన చేత కుంచెయైన నుండవలెను, కుంచె పట్టగలవాడైన వెంట నుండవలెను. అట్టి కాలమున దక్షిణదేశమునందు అనేక సంవత్సరములు సంచరించి, చూచినదాని నెల్ల చిత్రములుగా వ్రాయించి, విన్నదాని నెల్ల కాగితముపై నెక్కించి, మన పల్లెల పూర్వవృత్తాంతములను కాలగర్భమున గలిసిపోకుండ కాపాడిన పురుషుడు కర్నల్ కాలిన్ మెకంజీ. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము సీమల చరిత్రమును తెలిసికొనగోరువారు నేటికిని ఆయన సేకరింపించిన కైఫీయతుల ముంగిట నిలువక తప్పదు.

మెకంజీ 1754 ప్రాంతమున స్కాట్లాండు దేశమునకు వాయవ్యమున సముద్రమధ్యమందున్న లూయిస్ ద్వీపమునందలి స్టోర్నోవే పట్టణమున జన్మించెను. యౌవనమున ఆ ఊరి సుంకముల కచేరీలో ఉద్యోగము చేసెను. బాల్యమునుండియు ఆయనకు గణితమునందు మక్కువ మెండు. సంవర్గమానములను కనిపెట్టిన జాన్ నేపియరు వంశీయుడగు నొక ప్రభువు తన పూర్వికుని చరిత్రమును వ్రాయ సంకల్పించి, హిందువులకు గణితమునందు గల ప్రజ్ఞ యెట్టిదో విచారింప నారంభించెను. ఆ పనిలో మెకంజీ ఆయనకు తోడ్పడెను. ఈ విధముగ భారతదేశమును గూర్చిన ఆసక్తి ఆయన మనస్సున అంకురించినది. 1783లో తూర్పు ఇండియా కంపెనీ కొలువున చేరి మద్రాసు రేవున దిగెను. అటుపిమ్మట ముప్పదియెనిమిది సంవత్సరములు జీవించినను, మరల స్వదేశమును చూడలేదు.

వచ్చిన తొలినాళ్లలో మధురలో నేపియరు ప్రభువు కుమార్తె యింట పండితులతో పరిచయము కలిగినది. కాని సైన్యమునందలి ఇంజనీరునకు తీరిక యెక్కడిది? దండయాత్రలు, కోటల ముట్టడులు, బాటల కొలతలు, ఇవియే దినచర్య. మైసూరు యుద్ధములందు పనిచేసి, తరువాత నైజాము రాజ్యమున భూములు కొలిచెను. 1794లో శ్రీశైలమును దర్శించి, ఆ ఆలయ ప్రాకారపు గోడలపై చెక్కిన శిల్పములను చూచి ముగ్ధుడై, దానిని గూర్చి యొక వ్యాసము వ్రాసెను. అది 1798లో ప్రకటితమైనది. అయినను పదమూడు సంవత్సరములు గడచిన తరువాతకూడ ఆయనకు ఈ దేశపు భాష యొక్కటియు పట్టుబడలేదు. శిలాశాసనము కంటికి కనబడును, అర్థము కాదు. ఊరి పెద్ద మాటలాడును, చెవికి వినబడును, బోధపడదు. వజ్రముల గనిలో నిలిచియు రాతికిని రత్నమునకును భేదమెఱుగని వాని స్థితివలె నుండెను ఆయన స్థితి.

ఆ కొఱతను తీర్చినవాడు ఒక తెలుగు యువకుడు. ఏలూరి నివాసులైన కావలి వారి వంశమున జన్మించిన వెంకటబొఱ్ఱయ్య 1796లో మెకంజీ కొలువున చేరెను. అప్పటికి ఆయన వయస్సు ఇరువది సంవత్సరములు. తెలుగు, సంస్కృతము, పారసీకము, హిందూస్థానీ, ఆంగ్లము నేర్చినవాడు. వినయము, ఓర్పు, మనుష్యులను మెప్పించు నేర్పు కలవాడు. చదువువారు లేక మూగపడియున్న హళెగన్నడ శాసనముల లిపిని ఛేదించి చదివినవాడు. బొఱ్ఱయ్య వచ్చిన పిదప మెకంజీకి ఈ దేశమున నోరును, చెవియు నేర్పడినట్లయినది. ఆయన తమ్ములు లక్ష్మయ్య, రామస్వామి కూడ ఆ కార్యముననే ప్రవేశించిరి.

1799లో శ్రీరంగపట్టణము పడి, టిప్పు సుల్తాను మరణించెను. ఆ రాజ్యమునంతటిని కొలిచి పటములు గీయు భారము మెకంజీపై బడినది. దాదాపు 40,000 చదరపు మైళ్ల సీమ అది. గొలుసులతోను, కోణములు కొలుచు యంత్రములతోను కొండనుండి కొండకు గుఱిపెట్టి, త్రిభుజములుగా విభజించి, అడవులు, వాగులు, చెఱువులు, బాటలు, గ్రామములు అన్నియు పటమున కెక్కింపవలెను. మద్రాసు సర్వే పాఠశాలలో తర్ఫీదైన బాలురు ఆయనకు సహాయకులుగా నుండిరి. కంపెనీవారు పని మధ్యలో వ్యయమును తగ్గించి, సిబ్బందిని కుదించినను, ఆయన వెనుదీయలేదు.

ఆ సర్వే కేవలము భూమి కొలతతో ముగియునది కాదు. జనుల ఆచారములు, పంటలు, ఖనిజములు, చెట్టుచేమలు, పుష్పఫలములు కూడ అందు చేరవలెనని సంకల్పము. అందులకై వృక్షశాస్త్రవేత్తయగు డాక్టరు బెంజమిన్ హైన్ ఆ బృందమున నియమింపబడెను. అంతకుముందు గోదావరీ మండలమునందలి సామర్లకోట వృక్షోద్యానమును చూచుచుండినది ఆయనయే. బెంగుళూరులో హైదరాలీ పెంచిన లాల్‌బాగు తోటయు కొంతకాలము ఆయన పర్యవేక్షణమున నుండెను. ఒకరు పుష్పమును, ఒకరు శిల్పమును, ఒకరు శాసనమును, ఒకరు చెఱువు తూమును పరిశీలించుచు సాగిన ఆ యాత్ర ఒక సంచార విద్యాపీఠము వంటిది.

అయితే ఈ సంతోషమునకు గ్రహణము పట్టినది. 1803లో బొఱ్ఱయ్య నిండు యౌవనమున పరమపదించెను. మెకంజీకి అది కుడిభుజము విఱిగినంతటి దెబ్బ. అన్న చేసిన పనిని లక్ష్మయ్య తలకెత్తుకొనెను. అప్పటినుండి మెకంజీ జీవితాంతము వఱకు ఆయనయే ప్రధాన సహాయకుడు.

1800లో నైజాము బళ్లారి, కడప మున్నగు సీమలను కంపెనీకి దత్తము చేసెను. పెనుకొండ, హిందూపురము, ధర్మవరము ప్రాంతములు ఆ దత్తమండలములోనివే. మన్రో దొర కలెక్టరుగా 1807 వఱకు పాలించి పన్నుల పద్ధతిని నెలకొల్పెను. 1809 మొదలు మెకంజీ సర్వే ఈ మండలములకు వ్యాపించినది. నారాయణరావు, ఆనందరావు మున్నగు ఆయన గుమాస్తాలు గ్రామగ్రామమునకు వచ్చి కైఫీయతులు వ్రాసిరి.

కైఫీయతు అనగా ఊరి సంగతులను ఉన్నవి యున్నట్లుగ తెలుపు వివరణము. గుమాస్తా గ్రామమునకు వచ్చి, కరణమును, పెద్దరెడ్లను, ఆలయార్చకులను సమావేశపఱచును. కరణము అటకమీది పెట్టె దింపి, తాటాకు కవిలెలను, నల్లని కడితములను బయటికి తీయును. ఊరికి ఆ పేరెట్లు వచ్చెను, చెఱువు నెవరు త్రవ్వించిరి, గుడి నెవరు కట్టించిరి, ఏ రాజు ఏ మాన్యమిచ్చెను, ఏ పాళెగాడు ఎప్పుడు దోచెను, ఏ కఱవున ఊరు పాడుపడెను, ఇవన్నియు వరుసగా వ్రాయబడును. దీనివలన మాన్యములకు మోసము వచ్చునేమో, పన్ను హెచ్చునేమో యని జనులు శంకించిరి. ఆ శంక నిష్కారణమైనది కాదు. ఏలయన, కొలత గొలుసు వెనుక శిస్తు లెక్క వచ్చుట లోకానుభవమే. మెకంజీ కంపెనీ ఉద్యోగి. ఆయన పటములు ప్రభుత్వపు టవసరములకు గీయబడినవే. ఐనను శిస్తు లెక్కకు అక్కఱలేని కథలను, వంశావళులను, శిథిలాలయముల వృత్తాంతములను ఆయన తన ధనము వెచ్చించి చేర్చెను. ఉద్యోగధర్మము వేఱు, జ్ఞానతృష్ణ వేఱు. ఆయనయందు ఈ రెండును కలిసియుండినవి.

మన సీమనే యుదాహరణముగ గైకొందము. 1565లో రక్కసి తంగడి యుద్ధమున విజయనగరము కూలిన పిదప, తిరుమలరాయలు పెనుకొండను రాజధానిగ జేసికొని పాలించెను. గగనమహలు, కోట గోడలు, పార్శ్వనాథుని జైనాలయము, ప్రక్కప్రక్కన నిలిచిన రామేశ్వరుల గుళ్లు, బాబయ్య దర్గా, ఇవన్నియు నొక్క కొండ నీడన నున్నవి. ధర్మవరమునకు ప్రాణమువంటి పెద్దచెఱువును క్రియాశక్తి ఒడెయరు కట్టించెనని చెప్పుదురు. హిందూపురమునకు సమీపమున లేపాక్షిలో అచ్యుతదేవరాయల కాలమున విరుపణ్ణ వీరభద్రాలయమును పెంపొందించి, మండపముల కప్పులందు పార్వతీకల్యాణము, కిరాతార్జునీయము మున్నగు కథలను రంగులలో వ్రాయించెను. ఊరి వెలుపలనున్న ఏకశిలా నంది ఇరువదియైదడుగులకు మించిన పొడవు గలది. శాసనము దాన మిచ్చినవాని పేరును, శకవర్షమును, తిథిని చెప్పును. రాజాగ్రహమునకు గురియైన విరుపణ్ణ తన కన్నులను తానే పెఱికి గోడకు విసరెనను కథను మాత్రము శాసనము చెప్పదు. అది జనుల నోట బ్రతికినది. శాసనమొక్కటి చాలదు, జనశ్రుతి యొక్కటియు చాలదు. ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి పోల్చవలెనను పద్ధతికి దక్షిణదేశమున త్రోవ చూపినవారిలో మెకంజీ, బొఱ్ఱయ్య, లక్ష్మయ్య మొదటివారు.

1810లో మెకంజీ మద్రాసు రాజధానికి సర్వేయరు జనరలు అయ్యెను. మఱుసటి యేడు సైన్యముతో జావా ద్వీపమునకు పోయి, అచ్చటను ఊరకుండక ప్రాంబనాన్ శిథిలాలయములను పరిశీలించెను. 1812లో అచ్చటనే వివాహమాడెను. 1815లో భారతదేశమున కంతటికిని సర్వేయరు జనరలుగా నియమితుడయ్యెను. ఆ పదవి నందుకొన్న మొదటివాడాయనయే. 1816లో థామస్ హికీ యను చిత్రకారుడు ఆయన పటమును వ్రాసెను. ఎఱ్ఱని సైనికోద్యోగి దుస్తులతో నిలిచియున్న మెకంజీ ప్రక్కన, దూరదర్శిని పట్టుకొనిన సేవకుడును, ఇరువురు దేశీయ పండితులును కనబడుదురు. ఒంటరిగ తన పటమును వ్రాయించుకొనక, పనిలో భాగస్వాములైన వారితో కలిసి నిలుచుట ఆ కాలపు దొరలయందు అరుదైన గుణము.

ఆయన జీవితమునందలి గొప్ప ఆవేదన అమరావతి. అచ్చటి దీపాలదిన్నెలో సున్నపురాతి శిల్పఫలకములు బయల్పడుచున్నవని విని, 18వ శతాబ్ది అంతమున పోయి చూచెను. 1816లో మరల పోవునప్పటికి దిన్నె నడుమ త్రవ్వబడి చెఱువుగా మాఱియుండెను. ఫలకములు అనేకములు పెఱికివేయబడినవి. పోయినదానికి వగచుచు కూర్చుండక, మిగిలినదానిని చిత్రకారులచే కొలతలతో సహా గీయించెను. ఆ పిమ్మట నశించిన శిల్పములు కొన్నింటికి నేడు ఆ గీతలే మిగిలిన రూపము. మఱి నలువది సంవత్సరములకు, 1858లో, ట్రైప్ అను సైనికోద్యోగి మద్రాసు మ్యూజియములోనున్న అమరావతి ఫలకములకు ఛాయాచిత్రములు తీసెను. కుంచె విడిచిన పనిని కెమెరా అందుకొన్నది.

1817లో మెకంజీ కలకత్తాకు మాఱెను. లక్ష్మయ్యయు వెంట నేగెను. సేకరించిన దానినంతను క్రమపఱచి గ్రంథము వ్రాయవలెనని మెకంజీ కోరిక. ఆ కోరిక తీరకయే 1821 మే 8వ తేదీన కాలధర్మము నొందెను. 1568 వ్రాతగ్రంథములు, 2070 స్థలవృత్తాంతములు, 8076 శాసనముల నకళ్లు, 2630 చిత్రములు, 6218 నాణెములు ఆయన విడిచిపోయిన ధనము. కంపెనీవారు లక్ష రూపాయలిచ్చి ఆయన భార్యనుండి దానిని కొనిరి. విల్సను పండితుడు 1828లో పట్టిక ప్రకటించెను. అటుపిమ్మట కొంత భాగము లండనునకును, కొంత మద్రాసునకును చేరినది.

ఈ కథలో దుఃఖకరమైన ఘట్టము మఱియొకటి కలదు. మెకంజీ విడిచిన పనిని కొనసాగింప ననుమతింపుడని లక్ష్మయ్య ప్రభుత్వమునకు విన్నవించుకొనెను. ముప్పది సంవత్సరములకు పైగా ఆ కాగితముల నడుమ జీవించిన మనుష్యుడు ఆయన. 1830 దశకమున కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పెద్దలు విచారించి, దేశీయునకు అంతటి విమర్శనశక్తి యుండదని నిరాకరించిరి. ఆ పని మఱియొక దొరకు దక్కినది. లక్ష్మయ్య మద్రాసులో హిందువుల సాహిత్యసంఘమును నడపెను. తమ్ముడు రామస్వామి 1829లో దక్కను కవుల చరిత్రమును ఆంగ్లమున ప్రకటించెను. యోగ్యత చర్మవర్ణము ననుసరింపదని ఈ సోదరులు తమ కార్యములచేతనే చూపిరి.

మద్రాసున మిగిలిన కైఫీయతులు పురుగులపాలు కాజొచ్చినప్పుడు, వానిని ఉద్ధరింప పూనినవాడు బ్రౌను. పండితులను నియమించి నకళ్లు వ్రాయించెను. ఆ సంపుటములు చెన్నపట్టణపు ప్రాచ్యలిఖిత గ్రంథాలయమున నున్నవి. కడప జిల్లా కైఫీయతులను కడపలోని బ్రౌన్ భాషాపరిశోధన కేంద్రము ముద్రించి సామాన్యులకు అందించినది. చిత్రములలో పెక్కు లండనులోని బ్రిటిష్ గ్రంథాలయమున గలవు.

1984లో ఆంధ్రప్రదేశమున కరణీకము రద్దయినది. ఎన్ని యిండ్లలో కవిలెలు అటకలమీద చెదలు పట్టినవో, ఎన్ని పొయ్యిలపాలైనవో చెప్పువారు లేరు. రెండువందల యేండ్ల క్రిందట ఒక పరదేశీయుడు అడిగినందున, మన తాతలు చెప్పినందున, గుమాస్తాలు వ్రాసినందున మాత్రమే అనేక గ్రామముల ప్రాచీన కథలు నేటికి మిగిలినవి. అడుగువాడు లేనిచో అవియు పోయియుండెడివి. కావున గ్రంథాలయమునకు వచ్చు ప్రతి చదువరియు, తన యింట పాత కాగితమున్నచో పాఱవేయక ఇచ్చట చేర్చుట, తన ఊరి వృద్ధుడు చెప్పు మాటను నోటుపుస్తకమున వ్రాసికొనుట, పాడుబడిన గుడిలో శాసనము కనబడినచో దానిపై సున్నము పడకుండ కాచుట కర్తవ్యముగ నెంచవలెను. ఇందులకు కర్నలు పదవి అక్కఱలేదు, కంపెనీ కొలువు అక్కఱలేదు. బొఱ్ఱయ్యకుండిన శ్రద్ధయు, లక్ష్మయ్యకుండిన ఓర్పును చాలును.