ఆట విడుచు వేళ: కర్నల్ సి. కె. నాయుడుగారి జీవితము

మన గుంటూరు, ప్రకాశము జిల్లాల రైతునకు మిరపతోటను ఎప్పుడు తీసివేయవలెనో ఒకరు చెప్ప నక్కరలేదు. మొదటి కోతలలో కాయ నిగనిగలాడుచు ఎఱ్ఱగా నుండును. కడపటి కోతలలో తాలుకాయ హెచ్చును. కోతకూలి కాయవెలను మించును. అప్పుడు రైతు తోటమీది మమకారమును విడిచి నేలను దున్నించును. చెట్టునకు తన కాలము తెలియదు, రైతునకు తెలియును. మనుష్యుని విషయములో నన్ననో, తానే చెట్టు, తానే రైతు. కావుననే కీర్తి గడించిన ఆటగానికి ఆట విడుచు వేళను గుర్తించుట మిక్కిలి కష్టము. ఈ విషయమును గూర్చి మా విద్యార్థులు ఆలోచించుటకై, తెలుగువంశమున బుట్టి భారతదేశపు మొదటి టెస్టు జట్టునకు నాయకుడైన కొఠారి కనకయ్య నాయుడుగారి జీవితమును ఇచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

నాయుడుగారు 1895వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీని నాగపురములో, అచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబములో జన్మించిరి. 1916లో బొంబాయి పోటీలలో హిందువుల జట్టు పక్షమున యూరోపియనుల జట్టుపై ఆడి పెద్ద ఆటలలో ప్రవేశించిరి. 1923లో హోల్కరు మహారాజు ఆహ్వానముపై ఇందూరునకు పోయి, ఆ సంస్థానపు సైన్యములో ఉద్యోగము స్వీకరించిరి. వారికి కర్నల్ అను బిరుదు ఆ కొలువు వలన కలిగినదే.

1926వ సంవత్సరము డిసెంబరు 1వ తేదీని ఆయన పేరు దేశమంతట మారుమ్రోగెను. ఇంగ్లాండునుండి గిల్లిగన్ నాయకత్వమున వచ్చిన జట్టుపై బొంబాయి జింఖానా మైదానములో రెండుగంటలకు లోపలనే 153 పరుగులు తీసిరి. వానిలో 11 సిక్సరులు. ఆ ఆటను చూచినవారికి, తెల్లవారికి సరితూగగలవారు మన దేశములో కలరను ధైర్యము కలిగెను. 1932 జూను మాసములో లార్డ్సు మైదానమున భారతదేశము తన మొదటి టెస్టు ఆడినప్పుడు నాయకుడు ఆయనయే. అప్పటికి ఆయనకు 36 ఏండ్లు. చేతికి గాయము తగిలియుండియు మొదటి ఇన్నింగ్సులో మనవారందఱికంటె ఎక్కువగా 40 పరుగులు చేసిరి. మఱుసటి సంవత్సరము విస్డెన్ అను క్రికెట్టు వార్షికగ్రంథము ఆయనను ఆ యేటి ఐదుగురు మేటి ఆటగాండ్రలో నొకనిగా ఎన్నుకొనెను.

ఇంతవరకు ఎక్కిన మెట్లు. ఇక దిగవలసిన మెట్లను గూర్చి చెప్పవలెను. మాకు ఇవియే ముఖ్యముగా తోచుచున్నవి.

1936లో జట్టు మరల ఇంగ్లాండునకు పోయినప్పుడు నాయకత్వము విజయనగర మహారాజకుమారునకు ఈయబడెను. ఆ పర్యటనలో జట్టున కలతలు పుట్టినవి. నాయకునికిని నాయుడుగారికిని సఖ్యము కుదరలేదు. ఒకప్పుడు జట్టును నడపినవాడు వేఱొకరి క్రింద ఆడుట ఎవరికైనను కష్టమే. అయినను ఆయన ఆడిరి. ఓవల్ మైదానమున జరిగిన కడపటి టెస్టులో మనవారు ఓడినను, రెండవ ఇన్నింగ్సులో ఆయన 81 పరుగులు చేసిరి. అదియే ఆయన ఆడిన కడపటి టెస్టు. అప్పటికి 40 ఏండ్లు నిండియుండెను.

పిమ్మట యుద్ధము వచ్చెను. పదేండ్ల వఱకు మనకు టెస్టులు లేవు. 1945-46 సంవత్సరపు రంజీ పోటీ అంతిమ పందెములో నాయుడుగారు హోల్కరు పక్షమున బరోడాపై 200 పరుగులు తీసిరి. వయస్సు 50. ఆ మఱుసటి వేసవిలోనే భారత జట్టు ఇంగ్లాండునకు పోయెను. ఆయన తమ్ముడు సి. ఎస్. నాయుడుగారు ఆ జట్టులో నుండిరి, అన్నగారు లేరు. రెండువందల పరుగులు చేసిన చేయి ఇంకను బలముగనే యుండెను గాని, దేశము పక్షమున ఆడువంతు చిన్నవారికి వచ్చెను. ఆయన హోల్కరు జట్టులోనే యుండి ఆడుచుండిరి. 1945-46 మొదలు 1952-53 వఱకు ఆ జట్టు రంజీ పోటీని నాలుగుసారులు గెలిచెను.

1951-52లో బొంబాయితో జరిగిన అంతిమ పందెమున ఫడ్కర్ విసరిన బంతి నోటికి తగిలి ఆయన పండ్లు విఱిగెను. వయస్సు 56. అయినను వికెట్టు విడువక ఆడిరి. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడిన ఏటనే ఆంధ్రజట్టు మొదటిసారి రంజీ పోటీలలో దిగెను. 58 ఏండ్ల నాయుడుగారు దానికి నాయకుడైరి. 1956లో వారికి పద్మభూషణ బిరుదము లభించెను. 1956-57లో ఉత్తరప్రదేశ్ పక్షమున ఆడి రంజీ పోటీలనుండి విరమించిరి. 1963-64లో, 68వ యేట, ఒక ధర్మార్థపు పోటీలో కడసారి బ్యాటు పట్టిరి. 1967 నవంబరు 14వ తేదీని ఇందూరులో దేహము చాలించిరి.

ఆయన చేసినది సరియా? జట్టునకు స్థానములు పదునొకండే. అరువది దాటినవారు ఒక స్థానమున నిలిచినప్పుడు ఇరువదియేండ్ల యువకుడొకడు బయట కూర్చుండక తప్పదు. ఈ ఆక్షేపణను మేము త్రోసివేయజాలము. అనుభవము లేని క్రొత్త ఆంధ్రజట్టునకు పెద్దవాని చేయూత కావలసియుండెననుట స్పష్టము. తక్కిన చోట్ల అట్లే అని చెప్పుట కష్టము.

అదియుగాక, అన్ని ఆటలును ఒకటి కావు. అమెరికా దేశపు ముష్టియోధుడగు జో లూయిస్ 1937 మొదలు దాదాపు పండ్రెండేండ్లు హెవీవెయిట్ ప్రపంచవిజేతగా నుండి, ఆ పదవిని 25 సారులు నిలుపుకొని, 1949లో ఓడకయే విరమించెను. అచ్చటితో ఆగినయెడల ఎంత బాగుండును! పన్నుల బాకీ మీదబడగా 1950లో మరల గోదాలో దిగి ఎజర్డ్ చార్లెసునకు ఓడెను. 1951 అక్టోబరులో, 37వ యేట, యువకుడగు రాకీ మార్సియానో దెబ్బలకు త్రాళ్లమీదుగా బయటికి పడెను. క్రికెట్టులో ముసలితనము ఎక్కువగా పరుగులకు నష్టము. గోదాలో అది తలకే ముప్పు. అచ్చట ఇంకొక్కసారి అను ఆశ ప్రాణాంతకము కావచ్చును. దెబ్బ తప్పించుకొనుట ఆలస్యమైన మొదటి దినముననే ముష్టియోధుడు చేతితొడుగులు విప్పవలెను. అప్పుచేతగాని, పొగడ్తచేతగాని తిరిగి తొడుగరాదు.

మోషే నూట ఇరువది యేండ్ల ప్రాయమున చూపు చెదరక, సత్తువ తగ్గకయే, జనుల నడుపు భారమును యెహోషువకు అప్పగించెనని మన విద్యార్థులెఱుగుదురు. పదవిని బలముండగనే విడువవలెనని మేము దానివలన గ్రహించుచున్నాము. పనిని మాత్రము ఇతరులకు ఉపయోగపడునంత కాలము చేయవచ్చును. నాయుడుగారి జీవితమున మెచ్చదగినది ఇదియే: పెద్ద పీఠము పోయినంత మాత్రమున ఆటమీద అలుగలేదు, చిన్న మైదానములలోను ఆడిరి.

మా పాఠశాలలో ఉపాధ్యాయులకును విద్యార్థులకును పోటీ జరిగినప్పుడు, నలుబది దాటిన మేము సయితము ముందుగా బ్యాటు పట్టుటకు తొందరపడుచుందుము. ఈ వ్యాసము వ్రాసిన పిమ్మట ఆ తొందర తగ్గవలసియున్నది. ఈసారి క్రింది తరగతి బాలురకు బంతులు వేయు పని మాకు చాలును.