ముద్రాపకుడు విలియం కాక్స్‌టన్

ఇంగ్లీషున పెక్కు నామములకు ఎస్ చేర్చిన బహువచనమగును. మరి చైల్డ్ అనునది చిల్డ్రెన్ ఎట్లాయెనని పిల్లలు అడుగుచుందురు. ఇట్టి చిక్కే ఐదువందల యేండ్లకు పూర్వము విలియం కాక్స్‌టన్ యెదుట నిలిచినది. ఇంగ్లండులో మొట్టమొదట అచ్చుకూటమును నెలకొల్పిన ఘనుడితడే.

అతడు 1422 ప్రాంతమున కెంటు సీమలో జన్మించెను. లండనులో బట్టల వర్తకునియొద్ద పని నేర్చి, బ్రూజెస్ నగరమునకు పోయి, సుమారు ముప్పది యేండ్లు మనవలెనే పరభాషల నడుమ బ్రదికెను. అచట ట్రాయి కథలను ఫ్రెంచినుండి తెనిగించినట్లే ఇంగ్లీషు చేయబూని, తన పుట్టినసీమ మాట మోటుదని సంకోచించి కొన్నాళ్లు మానుకొనెను. బర్గండీ ప్రభువు భార్యయగు మార్గరెట్ తప్పులు దిద్ది, ముగింపుమని ఆజ్ఞాపించెను. ప్రతులు వ్రాసి వ్రాసి చేయి అలసిపోగా, కొలోనులో నేర్చిన అచ్చువిద్య అక్కరకు వచ్చెను. ఇంగ్లీషున అచ్చుపడిన తొలి పుస్తకమదియే. 1476లో స్వదేశమునకు మరలి వెస్ట్‌మిన్‌స్టరులో ముద్రణాలయము స్థాపించెను.

వ్రాయసకాండ్రు ఎవరి సీమ రూపమును వారు వ్రాసికొనవచ్చును. అచ్చులో ఒక్కరూపమే వందల ఇండ్లకు పోవును. ఏది వేయవలెను? 1490లో వెలువరించిన ఒక గ్రంథపు పీఠికలో అతడు చెప్పిన కథ వినదగినది. ఓడలో జీలండునకు పోవు వర్తకులు గాలి లేక కెంటు తీరమున దిగిరి. షెఫీల్డు అనువాడు ఒక ఇంటికి పోయి ఎగ్గిస్ కావలెననెను. తనకు ఫ్రెంచి రాదని ఇల్లాలు బదులిచ్చెను. అతనికిని ఫ్రెంచి రాదు, కోపము వచ్చెను. వేరొకడు ఐరెన్ అనగానే ఆమెకు తెలిసెను. రెండును గ్రుడ్లే!

ఎగ్ అనునది ఉత్తరదిశకు వచ్చి స్థిరపడిన నార్సువారి మాట. ఐరెన్ దక్షిణాదివారి ప్రాచీనరూపము. అందలి రకారమే పూర్వము బహువచన చిహ్నము, దానిపై మరల ఎన్ చేరినది. చిల్డ్రెన్ కథయు అంతే. (గ్రుడ్డు అనుదానిని గ్రుడ్లు చేయునపుడు మనము చేయు మార్పును పరాయివారికి బోధించి చూడుడు!)

ఆ ఇల్లాలి మాట కాక్స్‌టను పుట్టినసీమ మాటయే. అయినను దాని పక్షము వహింపక, ఏది వ్రాయవలెనో తెలియదని ఒప్పుకొని, మిక్కిలి మోటునుగాక మిక్కిలి ప్రౌఢమునుగాక నడిమి భాషను చేపట్టెను. తరువాతి కాలమున ఎగ్స్ నిలిచి ఐరెన్ అంతరించెను.

సుమారు నూరు గ్రంథములు ముద్రించి 1491 ప్రాంతమున అతడు మరణించెను. ప్రాచీన క్రైస్తవ మునుల చరిత్రను అనువదించుట తన జీవితపు కడపటి దినముననే ముగించెనని, 1495లో దానిని అచ్చువేసిన శిష్యుడు వింకిన్ డి వర్డ్ తెలిపెను.