బాబేజి మర

ఆటల కొఱకు కంప్యూటరు కూర్చుకొనగోరు మా విద్యార్థులు ఏ ప్రాసెసరు మేలని వాదులాడుకొనునపుడు మాకు చార్లెస్ బాబేజి జ్ఞప్తికి వచ్చును.

ఆయన 1791లో లండనులో జన్మించి, కేంబ్రిడ్జిలో గణితాచార్యుడయ్యెను. లెక్కలు కట్టు యంత్రమును నిర్మింపబూనగా ప్రభుత్వము దాదాపు 17,000 పౌండ్లు వ్యయపఱచి, అది పూర్తికాక మునుపే 1842లో విరమించుకొనెను.

ఆలోపల, 1834లో, ఆయన మఱియొక యంత్రమును ఊహించెను. అందు సంఖ్యలను నిలుపు కొట్టు వేఱు, లెక్క చేయు మర వేఱు. ఆ మరయే నేటి ప్రాసెసరునకు పూర్వరూపము. కూడికలో పై స్థానమునకు పోవలసిన ఒకటి మెట్టుమెట్టుగా ఎక్కుచు కాలము హరించుచుండగా, అన్ని స్థానములకు ఒక్కమాఱే చేరు ఉపాయమునకై ఆయన ఎంతయో శ్రమించెను. వేగమన్నచో ఆనాడును అంత పట్టుదల!

ధనము కొఱకు, తొమ్మిది గడుల ఆట ఆడు యంత్రమును ప్రదర్శింపదలచెను. ఇద్దఱు పిల్లల బొమ్మలు, ఒక కోడి, ఒక గొఱ్ఱెపిల్ల. గెలిచిన బొమ్మ చప్పట్లు చఱచుచుండగా కోడి కూయును, ఓడిన బొమ్మ ఏడ్చుచుండగా గొఱ్ఱెపిల్ల అఱచును. లాభము చేతికందునాటికి తన పెద్ద యంత్రమునకు కాలము మించిపోవునని దానిని విడిచెను. మేమైనచో విడిచియుండము.

1871లో ఆయన మరణించునాటికి మరలో చిన్న భాగము మాత్రమే తయారగుచుండెను.