చార్లెస్ కెటరింగ్

చార్లెస్ ఫ్రాంక్లిన్ కెటరింగ్ (1876 ఆగష్టు 29 – 1958 నవంబర్) అమెరికాకు చెందిన ఇంజనీరు, ఆవిష్కర్త. కార్లలో బ్యాటరీతో పనిచేసే ఇగ్నిషన్ పద్ధతికి, మీట నొక్కగానే ఇంజనును తిప్పే ఎలక్ట్రిక్ స్టార్టరుకు ఈయన ఆద్యుడు. ఇంజనులో వచ్చే "నాకింగ్" అనే టకటక శబ్దానికి అసలు కారణాన్ని వెలికితీసిన పరిశోధనకు నాయకత్వం వహించినవాడు కూడా ఈయనే. ఆ లోపానికి ఈయన బృందం కనుగొన్న విరుగుడు, సీసం కలిపిన పెట్రోలు, తరువాతి కాలంలో ప్రపంచమంతటా గాలిని విషపూరితం చేసింది.

బాల్యం - విద్యాభ్యాసం

కెటరింగ్ ఒహాయో రాష్ట్రంలోని లౌడన్‌విల్ సమీపంలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. చిన్ననాటి నుండి కంటిచూపు మందం. ఎక్కువసేపు చదివితే భరించలేని తలనొప్పి వచ్చేది. హైస్కూలు చదువు ముగిశాక కొంతకాలం పల్లెటూరి బడిలో ఉపాధ్యాయుడుగా పనిచేసి, ఆ తరువాత ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో చేరాడు. కళ్ళ బాధ వల్ల చదువు మధ్యలో ఆపి, టెలిఫోను స్తంభాలు పాతే ముఠాలో పనికి కుదిరాడు. మళ్ళీ చేరినప్పుడు తోటి విద్యార్థులు పాఠాలు చదివి వినిపించేవారు. ఆ విధంగా 1904లో, 28వ ఏట, ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పట్టా పొందాడు. 1905లో ఆలివ్ విలియమ్స్‌ను వివాహమాడాడు.

డేటన్ నగరంలోని నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో ఉద్యోగం చేస్తూ, చేతితో తిప్పే క్యాష్ రిజిస్టరుకు చిన్న ఎలక్ట్రిక్ మోటారు అమర్చాడు. కొద్ది క్షణాలు మాత్రమే పనిచేయవలసిన మోటారుపై, దాని మామూలు శక్తికి మించిన భారం వేయవచ్చునని అక్కడ గ్రహించాడు. తరువాత కారు స్టార్టరుకు ఈ అనుభవమే ఆధారమైంది.

ఇగ్నిషన్ పద్ధతి

సహోద్యోగి ఎడ్వర్డ్ డీడ్స్ ఇంటి వెనుక ఉన్న కొట్టంలో రాత్రివేళల్లో మిత్రులతో కలిసి కెటరింగ్ ప్రయోగాలు చేసేవాడు. 1909లో ఉద్యోగం వదలి డీడ్స్‌తో కలిసి డెల్కో సంస్థను నెలకొల్పాడు.

పెట్రోలు ఇంజనులో పిస్టన్ పైకి వచ్చి ఇంధనవాయువును నొక్కుతుంది. అది పూర్తిగా పైకి చేరడానికి కొంచెం ముందుగా స్పార్క్ ప్లగ్గు నిప్పురవ్వను పుట్టించాలి, ఎందుకంటే వాయువు మండడానికి కొంత వ్యవధి కావాలి. ఇంజను వేగం పెరిగేకొద్దీ రవ్వ మరింత ముందుగా రావాలి. దీనినే టైమింగ్ అంటారు. అప్పటి కార్లలో మాగ్నెటో నెమ్మదిగా తిరిగేటప్పుడు రవ్వ బలహీనంగా ఉండేది. పొడి బ్యాటరీలతో నడిచే వైబ్రేటర్ కాయిళ్ళు రవ్వలను వరుసగా రాల్చి బ్యాటరీని త్వరగా ఖర్చుచేసేవి. కెటరింగ్ పద్ధతిలో కాంటాక్ట్ పాయింట్లు తెరుచుకున్న క్షణాన కాయిల్‌లో కరెంటు తెగి, అధిక వోల్టేజి పుట్టి, ఒకే ఒక్క బలమైన రవ్వ వస్తుంది. క్యాడిలాక్ కంపెనీ దీనిని 1910 మోడల్ కార్లలో అమర్చింది. భారతదేశపు రోడ్లపై దశాబ్దాలపాటు తిరిగిన అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లలో ఉన్నది కూడా ఈ పద్ధతే.

ఈ పద్ధతిలో టైమింగ్ తప్పడానికి ముఖ్యకారణం పాయింట్ల అరుగుదల. పాయింట్లను తెరిచే దిమ్మె అరిగితే వాటి మధ్య సందు తగ్గి, అవి ఆలస్యంగా తెరుచుకుంటాయి. రవ్వ ఆలస్యమైతే బండి లాగదు, ఇంజను వేడెక్కుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. రవ్వ మరీ ముందుగా వస్తే మెట్ట ఎక్కేటప్పుడు టకటకమని శబ్దం వస్తుంది, స్టార్టు చేసేటప్పుడు ఇంజను ఎదురు తంతుంది. అందుకే మెకానిక్కు మొదట పాయింట్ల సందు సరిచేసి, ఆ తరువాతనే డిస్ట్రిబ్యూటరును అటూ ఇటూ తిప్పి టైమింగ్ చూస్తాడు. ఈ వరుస మారితే చేసిన పని వృథా.

స్టార్టరు

ఆ రోజుల్లో కారును ముందువైపు ఇనుప హ్యాండిలుతో తిప్పి స్టార్టు చేసేవారు. రవ్వను ఆలస్యం చేసే మీటను వెనక్కు పెట్టడం మరచిపోతే ఇంజను ఎదురు తిరిగి చేయి విరిగేది. ఇలా గాయపడిన ఒక మిత్రుడి మరణంతో కలత చెంది క్యాడిలాక్ అధిపతి హెన్రీ లేలండ్ స్టార్టరు తయారుచేయమని కోరాడని చెబుతారు. వివరాలు చెప్పేవారిని బట్టి మారుతున్నా, ప్రమాదం మాత్రం నిత్యం జరిగేదే. ఇంజనును తిప్పగల మోటారు కారులో పట్టనంత పెద్దదై ఉంటుందని నిపుణులు వాదించారు. క్యాష్ రిజిస్టరు నేర్పిన పాఠంతో కెటరింగ్ చిన్న మోటారునే వాడాడు. ఇంజను నడుస్తున్నప్పుడు అదే యంత్రం జనరేటరుగా మారి బ్యాటరీని నింపేది. 1911లో విజయవంతమైన ఈ పరికరం 1912 మోడల్ క్యాడిలాక్‌లో వచ్చింది.

నాకింగ్ పరిశోధన

డెల్కో ఇగ్నిషన్ అమర్చిన కార్లలో నాకింగ్ ఎక్కువగా వినిపించసాగింది. మాగ్నెటో తయారీదారులు ఆ నింద ఈ కొత్త ఇగ్నిషన్ మీద వేశారు. పైకి చూస్తే వారి మాట నిజమే అనిపిస్తుంది, ఎందుకంటే రవ్వను ఆలస్యం చేస్తే శబ్దం తగ్గుతుంది. అయితే శక్తి కూడా తగ్గుతుంది. శబ్దం తగ్గినంత మాత్రాన లోపం టైమింగ్‌లోనే ఉన్నదనడానికి వీలులేదని కెటరింగ్ భావించాడు. 1916 ప్రాంతంలో పల్లెల్లోని ఇళ్ళకు విద్యుత్తునిచ్చే డెల్కో-లైట్ యంత్రాలు కిరోసిన్‌తో నడిచి మరింత దారుణంగా శబ్దం చేసేవి. పెట్రోలుతో నడిస్తే అదే ఇంజను నెమ్మదించేది. ఈ సమస్యను యువ ఇంజనీరు థామస్ మిడ్జ్‌లీకి అప్పగించాడు.

సిలిండరులోని ఒత్తిడిని నమోదు చేసే సాధనాలతో చూసినప్పుడు, ఒత్తిడి హఠాత్తుగా ఎగిసేది రవ్వకు ముందు కాదు, తరువాత అని తేలింది. అంటే రవ్వ సరైన వేళకే వచ్చినా, మిగిలిపోయిన వాయువు మంట తన దాకా వచ్చేలోగా ఒక్కసారిగా భగ్గుమంటోంది. లోపం ఇగ్నిషన్‌ది కాదు, ఇంధనానిది. ఇంధనానికి ఎర్ర రంగు ఉంటే వేడిని పీల్చుకుంటుందేమోనన్న ఊహతో మిడ్జ్‌లీ అయోడిన్ కలిపి చూశాడు. శబ్దం ఆగింది. ఇతర రంగులు కలిపితే ఆగలేదు. పనిచేసింది రంగు కాదు, అయోడినే. తప్పు ఊహ సరైన దారి చూపిన సందర్భమిది.

సీసం కలిపిన పెట్రోలు

వాయువును ఎక్కువగా నొక్కితే అదే పెట్రోలుతో ఎక్కువ శక్తి వస్తుంది, కాని దానికి నాకింగ్ అడ్డు. ఎన్నో పదార్థాలను పరీక్షించిన తరువాత 1921 డిసెంబర్ 9న టెట్రాఇథైల్ లెడ్ గొప్పగా పనిచేస్తుందని తేలింది. వెయ్యి పాళ్ళ పెట్రోలుకు ఒక పాలు కన్నా తక్కువ చాలు. ఆల్కహాలు కూడా నాకింగ్‌ను ఆపుతుందని ఈ బృందానికి తెలుసు. అయితే అది చాలా ఎక్కువ మోతాదులో కలపాలి. సీసం విషమని కూడా వారికి తెలుసు.

1923లో అమ్మకం మొదలైంది. 1924లో జనరల్ మోటార్స్, న్యూజెర్సీ స్టాండర్డ్ ఆయిల్ కలిసి ఇథైల్ సంస్థను స్థాపించగా కెటరింగ్ మొదటి అధ్యక్షుడయ్యాడు. సంస్థ పేరులో సీసం అనే మాటే లేకపోవడం గమనార్హం. అదే ఏడాది అక్టోబర్‌లో న్యూజెర్సీ రిఫైనరీలో ఈ ద్రవం తయారుచేస్తున్న కార్మికులు మతిభ్రమించి ఆసుపత్రి పాలయ్యారు, అయిదుగురు మరణించారు. 1925లో ప్రభుత్వ వైద్యాధికారి జరిపిన సమావేశంలో వైద్యురాలు ఆలిస్ హామిల్టన్ తదితరులు తీవ్రంగా అభ్యంతరం తెలిపారు. ఆగిన అమ్మకాలు 1926లో మళ్ళీ మొదలయ్యాయి. పిల్లల మెదడు ఎదుగుదలకు సీసం హాని చేస్తుందని రుజువయ్యాక, భారతదేశం 2000లో దీనిని నిలిపివేసింది. చివరి దేశమైన అల్జీరియా 2021లో ఆపింది. నాకింగ్ శబ్దాన్ని పసిగట్టే సెన్సరు, వెంటనే రవ్వను ఆలస్యం చేసే కంప్యూటరు ఇప్పటి కార్లలో ఉన్నాయి.

చివరి దశ

కెటరింగ్ 1920 నుండి 1947 వరకు జనరల్ మోటార్స్ పరిశోధన విభాగానికి అధిపతిగా ఉన్నాడు. గాలితో చల్లబడే రాగి రెక్కల షెవర్లే ఇంజను 1923లో ఘోరంగా విఫలమై, అమ్మిన కార్లను వెనక్కు తెప్పించవలసి వచ్చింది. రైళ్ళకు తేలికపాటి డీజిల్ ఇంజను రూపొందించడంలో మాత్రం గొప్ప విజయం సాధించాడు. ఈయన పేరు మీద 180కి పైగా పేటెంట్లు ఉన్నాయి. 1945లో ఆల్ఫ్రెడ్ స్లోన్‌తో కలిసి న్యూయార్క్‌లో స్లోన్-కెటరింగ్ క్యాన్సర్ పరిశోధన సంస్థ స్థాపనకు తోడ్పడ్డాడు. మరుసటి ఏడాది భార్య మరణించింది. 1958 నవంబర్‌లో, 82వ ఏట, డేటన్‌లో కన్నుమూశాడు. డేటన్ పక్కనున్న కెటరింగ్ నగరానికి, మిచిగాన్ రాష్ట్రం ఫ్లింట్‌లోని కెటరింగ్ యూనివర్సిటీకి ఈయన పేరే పెట్టారు.