నకయామా హకుదో - కత్తిసాములో పాఠాంతరములు

ఒకే కీర్తనను ఇద్దరు గురువుల శిష్యులు రెండు విధములుగా పాడుట మన మెరిగినదే. దానిని పాఠాంతర మందుము. జపాను దేశపు కత్తిసామునందును ఇట్టి పాఠాంతరములు కలవు. అచ్చట 'కతా' యనగా నిర్ణీత క్రమమున చేయు ఖడ్గచాలనము. కతా యొక్కటే యైనను ఆచార్యులందరు దానిని ఒక్క రీతిని చేయరు. ఈ భేదముల మర్మమును తెలియగోరువారికి నకయామా హకుదో జీవితము చక్కని ఉదాహరణము.

హకుదో 1872లో కనజావా నగరమున జన్మించెను. ఆయన పసితనమున, 1876లో, ప్రభుత్వము బహిరంగముగా కత్తి ధరించుటను నిషేధించెను. తరతరముల ఖడ్గవిద్యలు ఆదరణ లేక క్షీణింప నారంభించెను. అట్టి దినములలో హకుదో యువకుడుగా టోకియో చేరి, షిందో మునెన్ సంప్రదాయాచార్యుడైన నెగిషి షింగోరోను ఆశ్రయించి విద్య గడించెను. ఉచిదా ర్యోగోరో వద్ద కర్రసామును కూడ నేర్చెను.

పిమ్మట ఒరనుండి కత్తి దూయుటలోనే వేటు వేయు 'ఇయాయి' విద్యపై ఆయన దృష్టి నిలిచెను. అందు పేరుపొందిన ఎయిషిన్ సంప్రదాయము తోసా సీమలో, అనగా నేటి కోచి ప్రాంతమున, నిలిచియుండెను. పరాయివారికి దానిని సులభముగా నేర్పెడివారు కారు. తోసా వాడైన రాజకీయ నాయకుడు ఇటగాకి తైసుకె సాయమున హకుదో అచ్చట ప్రవేశము పొంది, హొసొకావా యోషిమసా వద్ద షిమొమురా శాఖను అభ్యసించెను. అప్పటికే తాను పేరుగాంచిన ఆచార్యుడయ్యును మరల శిష్యుడగుటకు సంకోచింపలేదు.

తోసాలోనే ఓయె మసమిచి (1852-1927) అను ఆచార్యుడు కతాల క్రమమును సంస్కరించి బోధించుచుండెను. ఆయన పరంపర ముసో జికిదెన్ ఎయిషిన్ ర్యూ. హకుదో పరంపర ముసో షిందెన్ ర్యూ. రెంటను మొదటి కతా మోకాళ్లపై కూర్చుండి చేయునదే. దానిని వారు 'మయె' యందురు, వీరు 'షొహత్తో' యందురు. కత్తిని తలపై కెత్తు మార్గము, ఒరలో చేర్చు తీరు వేరు. అయినను అడ్డవేటుతో ఎదుటివాని నడ్డగించి, నిలువువేటుతో ముగించుట ఉభయులకు సమానమే. హకుదో శిష్యులలో సయితము భేదములు కలవు. ఆయన తీరు కాలక్రమమున మారుచు వచ్చెను; ఎవరు ఏనాడు చూచినది వారికి ప్రమాణమయ్యెను.

కెందో, ఇయాయి, కర్రసాము మూడింటను అత్యున్నత బిరుదమైన 'హన్షి'ని పొందిన హకుదో 1958లో దివంగతుడయ్యెను. వివిధ శాఖలవారిని ఒకే కొలతతో పరీక్షించుటకై అఖిల జపాను కెందో సమాఖ్య 1969లో ఏడు ఉమ్మడి కతాలను నిర్ణయించెను. 1980లో మూడు, 2000లో రెండు చేరి అవి పండ్రెండైనవి. పరీక్షకు అవి అవసరమే. కాని శాఖాభేదములను అవి తుడిచివేయలేదు. అజ్ఞానమువలన కలిగిన భేదము దోషము. కారణ మెరిగి నిలుపుకొన్న భేదము వారసత్వము. ఈ రెంటిని వేరుపరచుటకు శిష్యుడు గురువు నడుగవలసినది, ఆ వేటు అట్లేల వేయవలెనని.