ఛాతీ శస్త్రవైద్య గురువు జాన్ అలెగ్జాండర్

దక్షుని శాపంవల్ల చంద్రుడు క్షయరోగానికి లోనై దినదినం క్షీణించాడని మన పురాణాలు చెబుతున్నాయి. ఆయుర్వేదం ఆ వ్యాధినే రాజయక్ష్మ అన్నది. చంద్రునికి తిరిగి వృద్ధి కలిగింది కాని, రోగపీడితులైన మానవులలో ఎందరికో ఆ భాగ్యం దక్కలేదు. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాలలో కూడా క్షయకు తగిన మందు లేదు. స్వచ్ఛమైన గాలి, పుష్టికరమైన ఆహారం, సంపూర్ణ విశ్రాంతి ప్రధాన చికిత్సగా ఉండేవి. అటువంటి కాలంలో తాను స్వయంగా క్షయరోగియై కూడా, ఆ రోగాన్ని శస్త్రంతో ఎదుర్కొనే విద్యను శిష్యపరంపరకు అందించిన మహనీయుడు జాన్ అలెగ్జాండర్.

ఆయన 1891లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో జన్మించారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యను అభ్యసించి 1916లో పట్టం పొందారు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఫ్రాన్సులో వైద్యసేవలు చేశారు. 1920లో ఆన్ ఆర్బర్ పట్టణంలోని మిచిగాన్ విశ్వవిద్యాలయంలో చేరారు.

ఆనాడు ఛాతీని తెరవడం సాహసకార్యం. ఛాతీ తెరవగానే బయటి గాలి లోపలికి చొరబడి ఊపిరితిత్తి కుంచించుకుపోతుంది. రోగికి ఊపిరి అందదు. ఈ చిక్కును అధిగమించడానికి 1904లో జర్మన్ శస్త్రవైద్యుడు సావర్‌బ్రుఖ్ వాయుపీడనాన్ని తగ్గించిన ప్రత్యేకమైన గదిని రూపొందించారు. క్షయ విషయంలో వైద్యులు మరొక మార్గం కనుగొన్నారు. విరిగిన చేతిని కదలకుండా కట్టి ఉంచినట్లే, వ్యాధి సోకిన ఊపిరితిత్తిని అణచి ఉంచితే దానికి విశ్రాంతి లభించి పుండు మానుతుందని వారు భావించారు. అందుకోసం కొందరికి ఊపిరితిత్తి చుట్టూ గాలిని ఎక్కించేవారు. మరికొందరికి పక్కటెముకలలో కొంత భాగాన్ని తొలగించేవారు. అయితే ఈ విద్యను క్రమపద్ధతిలో నేర్పే ఏర్పాటు అమెరికాలో లేదు. ఎవరికి వారు చూసి, చేసి నేర్చుకోవలసిందే. ఆ అభ్యాసంలో దొర్లే పొరపాటుకు మూల్యం రోగి ప్రాణం.

ఇంతలో అలెగ్జాండర్‌కే క్షయ సోకింది. సరనాక్ లేక్ ఆరోగ్యనిలయంలో ఆయన మంచానికి పరిమితమయ్యారు. శరీరం కదలలేని ఆ దశలోనూ ఆయన మేధ విశ్రమించలేదు. ఊపిరితిత్తుల క్షయకు శస్త్రచికిత్సను గురించిన సమగ్ర గ్రంథాన్ని పడకపైనే రచించారు. 1925లో అది ప్రచురితమైంది.

కోలుకొని తిరిగి వచ్చిన ఆయన 1928లో మిచిగాన్‌లో ఛాతీ శస్త్రవైద్యంలో ప్రత్యేక శిక్షణను ప్రారంభించారు. అమెరికాలో ఈ విద్యకు అదే తొలి క్రమబద్ధమైన శిక్షణ. శస్త్రం పట్టడం నేర్చినంత మాత్రాన ఈ విద్య పూర్తి కాదు. ఎవరికి శస్త్రచికిత్స చేయాలో, ఎవరికి చేయకూడదో, ఎప్పుడు చేయాలో తెలియడమే ఇందులోని కీలకం. ఆయన వద్ద ఎదిగిన కామెరాన్ హైట్ 1932లో ఒక బాలికకు చెడిపోయిన ఊపిరితిత్తిని పూర్తిగా తొలగించి బ్రతికించారు. 1941లో అన్నవాహిక మూసుకొని పుట్టిన పసికందుకు దాన్ని కలిపి ప్రాణం నిలిపారు.

1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నారు. ఆ తరువాత ఒక్కొక్కటిగా వచ్చిన మందులతో క్షయకు పక్కటెముకలు తొలగించవలసిన అవసరం క్రమంగా తగ్గిపోయింది. అలెగ్జాండర్ జీవితమంతా సాధన చేసిన శస్త్రచికిత్సలు మరుగునపడ్డాయి. కాని ఆయన నెలకొల్పిన శిక్షణ మరుగునపడలేదు. ఛాతీని సురక్షితంగా తెరవడం నేర్చిన వైద్యులు ఊపిరితిత్తుల క్యాన్సరు, అన్నవాహిక వ్యాధుల వైపు తమ నైపుణ్యాన్ని మళ్ళించారు. 1954లో ఆయన పరమపదించే నాటికి ఈ విద్య ప్రత్యేక శాఖగా స్థిరపడింది.

మన దేశానికి కూడా ఈ విద్య గురుముఖంగానే వచ్చింది. 1948లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు వచ్చిన అమెరికన్ శస్త్రవైద్యుడు రీవ్ బెట్స్ అక్కడ ఛాతీ శస్త్రవైద్య విభాగాన్ని నెలకొల్పి భారతీయ వైద్యులకు శిక్షణనిచ్చారు. నేడు నిజామాబాదు పట్టణవాసికైనా, బోధన్ ప్రాంతపు చెరకు రైతుకైనా ఊపిరితిత్తికి శస్త్రచికిత్స అవసరమైతే, ఆ వైద్యుని చేతిలో ఉన్నది ఒకరి నుండి ఒకరికి సంక్రమించిన శిక్షణే. రోగశయ్యపై ఉండి కూడా తనకు తెలిసిన విద్యను తనతోనే అంతం కానీయకుండా పదిమందికి పంచడం అలెగ్జాండర్ జీవితం మనకిచ్చే సందేశం.